కోడిపిల్ల జబ్బు పడితే: కొత్తగా పెంచేవాళ్ళకు మొదటి గంట నుంచి కోలుకునే దాకా

కోడిపిల్లకు జబ్బు చేసిందని మన కంటికి ఆనేసరికే కొంత ఆలస్యం జరిగిపోయి ఉంటుంది. గుంపులో బతికే పక్షి తన నీరసాన్ని వీలైనంత సేపు దాచుకుంటుంది. ఇక దాచుకోలేనప్పుడే మూల చేరి, రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుంటుంది. అలా చూడగానే కొత్తగా పెంచేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ మందు వెయ్యాలి?" అని. కానీ మొదటి పది రోజుల వయసులో నీరసపడే పిల్లల్లో చాలా వాటికి కావలసింది మందు కాదు. చలి పట్టి ఉంటుంది, నీళ్ళు అంది ఉండవు, లేదా వెనక రెట్ట గడ్డకట్టి దారి మూసుకుపోయి ఉంటుంది. అందుకే ఇక్కడ చెప్పే వరస వేరు. ముందు వేడి, తరవాత నీళ్ళు, తరవాత ఒళ్ళంతా తడిమి చూడటం, వయసును బట్టి రోగాన్ని అంచనా కట్టడం. మందు వీటన్నిటి తరవాతే.

అది జబ్బేనా, కాదా?

ముందు అనవసరపు కంగారు తీసేద్దాం. చిన్న పిల్లలు నిద్రపోయే తీరు భయపెట్టేలా ఉంటుంది. మెడ నేలకు ఆనించి, కాళ్ళు వెనక్కి చాపి, చచ్చిపోయినట్టే పడుకుంటాయి. వేలితో మెల్లగా తాకండి. లేచి నాలుగడుగులు పరిగెత్తితే అది నిద్రే. మేత తిన్నాక మెడ కింద, కొంచెం కుడివైపుగా ఉబ్బు కనిపిస్తుంది. అది మేత సంచి, గడ్డ కాదు. మామూలు రెట్టల మధ్య అప్పుడప్పుడు గోధుమరంగులో జిగటగా, ఘాటు వాసనతో ఒక రెట్ట పడుతుంది. అది కూడా సహజమే, పేగు చివరి సంచుల్లోంచి వచ్చేది. రెండు మూడు వారాల వయసులో నూగు రాలి ఈకలు మొలుస్తున్నప్పుడు పిల్ల చూడటానికి దిక్కుమాలినట్టే ఉంటుంది, హుషారుగా తింటున్నంత కాలం పట్టించుకోనక్కరలేదు. దుమ్ము వల్ల ఒకటి రెండు తుమ్ములు వస్తే కింద పరిచిన పొట్టు దుమ్ము తగ్గించండి చాలు.

పట్టించుకోవలసినవి ఇవి. మిగతావన్నీ మేత దగ్గర ఉంటే ఒకటి మాత్రం దూరంగా నిలబడి కునికిపాట్లు పడటం. ఈకలు ఉబ్బించి బంతిలా ముడుచుకోవడం. రెక్కలు జారిపోవడం. ఆగకుండా, గట్టిగా, పదేపదే అరవడం. తాకినా కదలకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా ఆ పిల్లను చేతిలోకి తీసుకోవాలి, "సాయంత్రం చూద్దాం" అనుకోకూడదు. రెండు మూడు రోజుల పిల్లకు ఒక పూట చాలా పెద్ద కాలం.

మొదటి అడుగు: వెచ్చబెట్టడం

పిల్లను చేతిలోకి తీసుకోగానే కాళ్ళు, పొట్ట తాకి చూడండి. చల్లగా ఉంటే మిగతా పనులన్నీ ఆగాలి. ఎదిగిన కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. అప్పుడే పొదిగిన పిల్లకు ఆ వేడిని సొంతంగా నిలుపుకునే శక్తి ఉండదు, అది రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఒళ్ళు చల్లబడిన పిల్లకు మేత అరగదు, నీళ్ళు పోస్తే మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే చల్లగా ఉన్న పిల్ల నోట్లో ఏదీ పోయకండి.

రెండు అరచేతుల మధ్య గానీ, చొక్కా లోపల ఒంటికి ఆనించి గానీ పెట్టుకుంటే చాలాసార్లు పావుగంట, ఇరవై నిమిషాల్లో తేరుకుంటుంది. లేదా సీసాలో వేడినీళ్ళు పోసి, మందపాటి గుడ్డ చుట్టి, అట్టపెట్టెలో పిల్ల పక్కన ఉంచండి. హెయిర్ డ్రయర్‌ను దగ్గర పెట్టి వేడిగాలి కొట్టించడం, వేడినీళ్ళలో ముంచడం వద్దు. ఒళ్ళంతా తడిసిన పిల్ల ఆరేలోపే మళ్ళీ చలి పడుతుంది.

ఇక దాన్ని ఉంచే చోటు. మందుల పెట్టె కన్నా ముందే ఇంట్లో సిద్ధంగా ఉండాల్సింది ఈ "ఆసుపత్రి పెట్టె". అట్టపెట్టె గానీ, ప్లాస్టిక్ డబ్బా గానీ చాలు. ఒక చివర వేడి, మరో చివర చల్లదనం ఉండేలా చూడండి, అప్పుడు తనకు కావలసిన చోటుకు పిల్లే జరుగుతుంది. వేడి చివర పిల్ల వీపు ఎత్తులో థర్మామీటరు పెట్టి చూస్తే మొదటి వారం పిల్లకు 35 డిగ్రీల దాకా ఉండాలి. అంతకన్నా పెద్ద పిల్లయితే దాని వయసుకు బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచి పెంచే చోట) ఇచ్చే వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఇవ్వండి. అడుగున పొట్టు కాకుండా గరుకు తువ్వాలు గానీ టిష్యూ కాగితం గానీ పరవండి. రెట్ట రంగు దాని మీదే స్పష్టంగా తెలుస్తుంది, ఆ రంగే తరవాత మీకు సగం సమాచారం ఇస్తుంది. నున్నటి వార్తాపత్రిక మాత్రం వద్దు, ఎందుకో కాళ్ళ దగ్గర చెప్తాను.

బల్బు విషయంలో రెండు మాటలు. వేడి బల్బును దాని తీగతో వేలాడదీయకండి, గొలుసుతో కట్టండి. ఎండు పొట్టు మీద బల్బు పడి షెడ్లు కాలిపోవడం అరుదేమీ కాదు. రెండోది చాలామందికి తెలియదు. గాజు పగిలినా చెదరకుండా పైన టెఫ్లాన్ పూత వేసిన బల్బులు కొన్ని ఉంటాయి. వేడెక్కినప్పుడు ఆ పూత నుంచి వచ్చే పొగ పక్షుల ఊపిరితిత్తులను దెబ్బతీసి గంటల్లో చంపేస్తుంది. బల్బు పెట్టె మీద రాసింది చదివి కొనండి.

పిల్ల ఒంటరిగా ఉంటే అరుస్తూనే ఉంటుంది, ఆ అరుపులకే నీరసిస్తుంది. అంటురోగం అనిపించకపోతే హుషారైన, నెమ్మదైన పిల్లను ఒకదాన్ని తోడు పెట్టండి. రోగం అనుమానం ఉంటే తోడు వద్దు. చిన్న అద్దమో, మెత్తటి బొమ్మో పెట్టండి, చాలా పిల్లలు దానికి ఆనుకొని కునుకు తీస్తాయి.

రెండో అడుగు: నీళ్ళు

గుడ్డులోంచి వచ్చే ముందు పిల్ల పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటుంది. దానితో రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు మేత లేకుండా బతుకుతుంది. దూరం నుంచి పెట్టెల్లో తెచ్చిన పిల్లలు బతికి వచ్చేది అందువల్లే. కానీ ఆ ప్రయాణం ముగిసేసరికి ఒళ్ళు ఎండిపోయి ఉంటుంది. కాళ్ళ మీద చర్మం ముడతలు పడి సన్నగా, ఎండిన పుల్లలా కనిపిస్తే, కళ్ళు లోపలికి పోతే, అది నీటి లోటు.

ఒళ్ళు వెచ్చబడి, పిల్ల తల ఎత్తాక మాత్రమే నీళ్ళు పట్టండి. గోరువెచ్చటి నీళ్ళలో ముక్కు కొస తడిపితే చాలు, చప్పరించి మింగుతుంది. మింగాక మళ్ళీ తడపండి. డ్రాపరుతో పట్టాల్సి వస్తే నోరు తెరిచి లోపలికి పిచికారీ చేయకండి. నాలుక మొదట్లోనే గాలి గొట్టం తెరుచుకొని ఉంటుంది, నీళ్ళు అందులోకి పోతే గంటల్లో ప్రాణం పోతుంది. ముక్కు పక్క అంచు మీద ఒక్కో చుక్క వేసి, అది లోపలికి జారి పిల్ల మింగే దాకా ఆగండి. బాగా నీరసించిన పిల్లకు ప్రతి అరగంటకు నాలుగైదు చుక్కలు సరిపోతాయి.

మొదటి కొన్ని గంటలు లీటరు నీటికి రెండు మూడు చెంచాల పంచదార కలిపి ఇవ్వచ్చు, వెంటనే శక్తి వస్తుంది. రోజంతా అదే ఇస్తే మాత్రం రెట్ట పలచబడుతుంది. ఆ తరవాత కోళ్ళ కోసం అమ్మే ఎలక్ట్రొలైట్ పొడిని, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో, ఒకటి రెండు రోజులు ఇవ్వండి. ఇంట్లో ఉప్పు కలిపి సొంతంగా తయారు చేయడం నాకు నచ్చదు. పిల్లలకు ఉప్పు తేలిగ్గా ఎక్కువైపోతుంది, చిటికె అనుకున్నది చెంచా అయితే అదే విషం. నీళ్ళ గిన్నె లోతు లేకుండా ఉండాలి, అందులో చిన్న గులకరాళ్ళు వేయండి. నీరసంగా ఉన్న పిల్ల సెంటీమీటరు లోతు నీళ్ళలో కూడా ముఖం వాల్చి మునిగిపోతుంది.

నీళ్ళు తాగి నిలబడ్డాక మేత. మామూలుగా తినే స్టార్టర్ మేతనే గోరువెచ్చటి నీళ్ళతో తడిపి పేస్టులా చేయండి. ముక్కుకు అంటిస్తే నాకుతుంది, రుచి తెలిశాక తనే పొడుస్తుంది. తడిపిన మేతను రెండు గంటలకు మించి ఉంచకండి, పులుస్తుంది. పెద్ద కోళ్ళకు పెట్టే లేయర్ మేత మాత్రం పిల్లలకు వద్దు. గుడ్డు పెంకు కోసం అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, పిల్లలకు 1 శాతం చాలు. ఆ తేడా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

మూడో అడుగు: ఒళ్ళంతా చూడటం

ఇప్పుడు వెలుతురులో కూర్చుని, పిల్లను అరచేతిలో పెట్టుకుని తల నుంచి తోక దాకా ఒక క్రమంలో చూడండి. కళ్ళలో నురగ గానీ, రెప్పలు అంటుకుపోవడం గానీ ఉందా? ముక్కు రంధ్రాల చుట్టూ తడి ఉందా? చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరిలో గురగుర వినిపిస్తోందా? మేత సంచి ఖాళీగా ఉందా, నిండి ఉందా? పగలు తిరిగిన పిల్లకు సాయంత్రం నిండుగా, పొద్దున్నే ఖాళీగా ఉండాలి. పొద్దున్న కూడా గట్టిగా, పిండిముద్దలా ఉంటే మేత కిందికి దిగడం లేదని అర్థం.

తరవాత పొట్ట తిప్పి బొడ్డు చూడండి. బొడ్డు, రెట్ట ద్వారం వేరువేరు చోట్ల ఉంటాయని కొత్తవాళ్ళకు తెలియదు. ద్వారం తోక కింద ఉంటుంది, బొడ్డు దానికన్నా ముందుగా, పొట్ట మీద ఉంటుంది. మొదటి రోజుల్లో బొడ్డు మీద చిన్న ఎండు పొక్కు ఉంటుంది. రెట్ట అంటుకుందనుకొని దాన్ని పీకితే పేగు బయటికి వస్తుంది, పిల్ల దక్కదు. కాబట్టి పట్టుకునే ముందు అది ఎక్కడుందో రెండుసార్లు చూసుకోండి.

చివరగా బరువు. వంటింటి డిజిటల్ కాటా ఉంటే చాలు. ఒకరోజు పిల్ల సాధారణంగా 35 నుంచి 45 గ్రాముల మధ్య ఉంటుంది. అసలు అంకె కన్నా రోజువారీ మార్పు ముఖ్యం. రోజూ ఒకే సమయానికి తూచి రాసిపెట్టుకోండి. పుట్టిన మొదటి రెండు మూడు రోజులు కాస్త తగ్గినా ఫరవాలేదు. ఆ తరవాత కూడా తగ్గుతుంటే, పైకి ఎంత హుషారుగా కనిపించినా, ఆ పిల్ల కోలుకోవడం లేదు.

వయసును బట్టి అంచనా

కోడిపిల్లల రోగాలకు ఒక మంచి గుణం ఉంది, అవి చాలావరకు వయసు చూసుకొని వస్తాయి. మొదటి నాలుగు రోజుల్లో కనిపించేవి చలి, నీటి లోటు, రెట్ట అంటుకోవడం, బొడ్డు కుళ్ళడం, కాళ్ళు జారిపోవడం. రెండు వారాల లోపు ఊపిరి ఆడకపోతే బూజు పట్టిన పొట్టును అనుమానించాలి. సున్నంలా తెల్లటి పారుడుతో వరసగా చనిపోతుంటే పుల్లోరం అనే బ్యాక్టీరియా రోగం. మూడో వారం నుంచి ఆరో వారం దాకా మొదటి అనుమానం రక్త పారుడు మీదే, అంటే కాక్సీడియోసిస్. అదే వయసులో గంబోరో అనే వైరస్ రోగం కూడా వస్తుంది. ఆరు వారాలు దాటాక ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడిపోతే మారెక్స్ అనే వైరస్ రోగం అనుకోవాలి. కొక్కెర తెగులుకు మాత్రం వయసుతో పని లేదు.

రెట్ట అంటుకుపోతే

మొదటి వారంలో ఎక్కువగా ఎదురయ్యేది, మీ చేతులతో పూర్తిగా నయం చేయగలిగేది ఇదే. తోక కింద రెట్ట ఎండి, గట్టిపడి, ద్వారాన్ని మూసేస్తుంది. రెండు రోజులు వదిలేస్తే లోపలి విషంతో పిల్ల చనిపోతుంది. చలి, మరీ ఎక్కువ వేడి, ప్రయాణం, మేత మారడం, ఏదైనా కారణం కావచ్చు.

గోరువెచ్చటి నీళ్ళలో దూది తడిపి ఆ ముద్ద మీద రెండు మూడు నిమిషాలు ఉంచండి. మెత్తబడిన భాగాన్ని కొంచెం కొంచెంగా తుడవండి. మళ్ళీ తడపండి, మళ్ళీ తుడవండి. ఎండుగా ఉన్నదాన్ని లాగితే నూగుతో పాటు చర్మం ఊడి వస్తుంది. అక్కడ నెత్తురు కనిపిస్తే మిగతా పిల్లలు పొడిచి పొడిచి పుండు చేస్తాయి. ఆ భాగం వరకే తడవాలి, పిల్లంతా కాదు. శుభ్రమయ్యాక మెత్తటి గుడ్డతో అద్ది, వెచ్చటి చోట పూర్తిగా ఆరనిచ్చి, చర్మం మీద వేలి కొసతో పల్చగా వాజలీన్ గానీ వంటనూనె గానీ రాయండి. ఆ పూట, మర్నాడు మళ్ళీ చూడండి, చాలాసార్లు తిరిగి అంటుకుంటుంది.

ఒక్క పిల్లకు వస్తే అది దాని సమస్య. గుంపులో నాలుగోవంతుకు వస్తే అది బ్రూడర్ సమస్య. తుడుస్తూ కూర్చోకుండా ముందు థర్మామీటరు చూడండి. మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీలు, ఆ తరవాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. అంకె కన్నా పిల్లలే నమ్మకమైన సాక్షులు. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. అంచులకు పారిపోయి నోరు తెరిచి రొప్పుతుంటే ఎక్కువ వేడి. అన్ని చోట్లా పరుచుకొని సన్నగా కిచకిచలాడుతుంటే సరిగ్గా ఉంది.

కాళ్ళు పక్కకు జారిపోతే

రెండు కాళ్ళూ చెరో వైపు జారిపోయి పిల్ల పొట్ట మీద కూర్చుండిపోతుంది. నున్నటి కాగితం, ప్లాస్టిక్ నేల దీనికి ప్రధాన కారణం. మొదటి రెండు మూడు రోజుల్లోనే కట్టు కడితే చాలావరకు సరవుతుంది. వారం దాటితే కీళ్ళు ఆ వంకరలోనే గట్టిపడతాయి. గాయాలకు వేసే అతుకుపట్టీని పొడవుగా సన్నగా కత్తిరించి, రెండు కాళ్ళకూ పాదం పై భాగంలో చుట్టి మధ్యలో అతికించండి. కాళ్ళ మధ్య దూరం పిల్ల మామూలుగా నిలబడితే ఉండేంత, అంటే రెండు రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. బిగించకండి, పాదం రంగు మారితే వెంటనే విప్పండి. గరుకు తువ్వాలు మీద ఉంచి, నీళ్ళు మేత ముక్కుకు అందేలా పెట్టి, రోజుకు రెండుసార్లు చూడండి. మూడు నుంచి ఐదు రోజుల్లో తేడా తెలుస్తుంది.

కాలి వేళ్ళు లోపలికి ముడుచుకొని, పిడికిలి మీద నడుస్తున్నట్టు కనిపిస్తే అది వేరే సంగతి. విటమిన్ బి2 లోపం వల్ల అలా వస్తుంది. తొందరగా గుర్తించి బి కాంప్లెక్స్ ఇస్తే తేరుకుంటాయి. మెడ మెలితిరిగి ఆకాశం చూస్తుంటే విటమిన్ ఇ, బి1 లోపాలు కారణం కావచ్చు, కొక్కెర తెగులు కూడా కావచ్చు. ఒక్క పిల్లకే ఉండి మిగతావన్నీ బాగుంటే విటమిన్లతో మొదలుపెట్టండి. రెండో పిల్లకూ కనిపిస్తే డాక్టరును పిలవండి.

రక్త పారుడు: మందు నిజంగా అవసరమయ్యే చోటు

మూడు వారాలు దాటిన పిల్లలు ముడుచుకొని నిలబడి, మేత మానేసి, రెట్టలో ఎర్రటి నెత్తురు వేస్తుంటే మర్నాటి దాకా ఆగకూడదు. ఐమీరియా అనే సూక్ష్మజీవి పేగు గోడల్లో పెరిగి వాటిని చీలుస్తుంది. అందులో కొన్ని రకాలు పేగు పై భాగంలో ఉంటాయి, అప్పుడు రెట్టలో నెత్తురు కనిపించకపోవచ్చు, ఒట్టి జిగటే ఉంటుంది. కాబట్టి నెత్తురు లేదని ఊరుకోకండి. అలాగే నారింజ రంగు పొరలు ఒకటి రెండు కనిపించగానే కంగారు పడకండి, పేగు లోపలి పొర అప్పుడప్పుడు అలా ఊడి వస్తుంది. తేల్చుకోవడానికి తేలికైన దారి రెట్ట పరీక్ష. తాజా రెట్టను చిన్న డబ్బాలో పశువైద్యశాలకు తీసుకెళితే సూక్ష్మదర్శినిలో చూసి చెప్తారు.

దీనికి ఎక్కువగా వాడే మందు ఆంప్రోలియం, తాగే నీళ్ళలో కలిపి ఇస్తారు. సాధారణంగా 0.012 నుంచి 0.024 శాతం గాఢతతో 3 నుంచి 5 రోజులు, ఆ తరవాత 0.006 శాతంతో ఒకటి రెండు వారాలు. 20 శాతం పొడి అయితే 0.024 శాతం గాఢతకు లీటరుకు 1.2 గ్రాములు, 9.6 శాతం ద్రవమైతే లీటరుకు 2.5 మి.లీ. ఈ మందు వేర్వేరు గాఢతల్లో వస్తుంది కాబట్టి మీ చేతిలో ఉన్న సీసా మీద రాసింది చూడకుండా లెక్క వేయకండి. మందు నీళ్ళు తప్ప మరో నీళ్ళు అందుబాటులో ఉంచకూడదు, రోజూ కొత్తగా కలపాలి. జబ్బు ముదిరిన పిల్ల నీళ్ళ దగ్గరికే రాదు, దానికి ఆ నీళ్ళే చుక్కలుగా పట్టాలి.

ఇక్కడ మంచి మనసుతో చేసే తప్పొకటి ఉంది. బలం వస్తుందని అదే సమయంలో విటమిన్ పొడి కలుపుతారు. ఆంప్రోలియం పనిచేసేదే బి1 విటమిన్‌ను పోలి ఉండి, ఆ సూక్ష్మజీవిని మోసగించడం ద్వారా. అదనంగా బి1 ఇస్తే మందు పని తగ్గిపోతుంది. ముందు మందు పూర్తి చేయండి, విటమిన్లు తరవాత.

ఒక్క పిల్లలో కనిపించినా గుంపు మొత్తానికి మందు పట్టాలి, ఎందుకంటే అన్నీ ఒకే పొట్టు మీద తిరిగాయి. రెట్టలో బయటపడ్డ ఆ జీవి గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం తెచ్చే స్థితికి వస్తాయి. మామూలు క్రిమినాశకాలు వాటి పెంకును దాటలేవు. కాబట్టి ఫినాయిలు చల్లి పనైపోయిందనుకోవద్దు. తడిసిన పొట్టు పూర్తిగా తీసేయాలి, పొడిది వేయాలి. నీళ్ళ గిన్నెలను పిల్లల వీపు ఎత్తుకు లేపితే రెట్ట అందులో పడదు, చుట్టూ తడవదు. నిజానికి పొడి నేల ఉన్న చోట ఈ రోగం కొద్దికొద్దిగా తగిలి పిల్లలకు సొంత నిరోధకత వస్తుంది. తడి నేల ఉన్న చోట ఒక్కసారిగా ముంచేస్తుంది.

ఊపిరి కష్టమైతే

ముందు మీరు బ్రూడర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం పిల్లల ఎత్తుకు దించి గాలి పీల్చండి. కళ్ళు మండితే, ముక్కు ఘాటెక్కితే అది రెట్టలోంచి వచ్చే అమ్మోనియా. నిలబడి ఉన్న మనకు తెలియదు, వాటికి రోజంతా అదే గాలి. పొట్టు మార్చి, గాలి ఆడనివ్వండి, అయితే నేరుగా ఈదురుగాలి తగలకూడదు.

శబ్దం లేకుండా నోరు తెరిచి మెడ చాపి ఊపిరి లాగుతుంటే బూజు వల్ల వచ్చే ఆస్పర్జిలోసిస్ కావచ్చు. నమ్మదగిన చికిత్స లేదు, బూజు పొట్టును, బూజు మేతను తీసేసి మిగతావాటిని కాపాడుకోవాలి. గురగుర శబ్దం, కళ్ళలో నురగ, ముఖం వాపు ఉంటే మైకోప్లాస్మా లాంటి బ్యాక్టీరియా రోగాలు కావచ్చు, వాటికి డాక్టరు రాసిన యాంటీబయాటిక్ పనిచేస్తుంది. నోటితో ఊపిరి, పచ్చటి పారుడు, కాళ్ళు రెక్కలు పడిపోవడం, మెడ మెలి, వీటిలో రెండు మూడు కలిసి వేగంగా వ్యాపిస్తుంటే కొక్కెర తెగులు. అది వైరస్, యాంటీబయాటిక్‌తో నయం కాదు, టీకా ఒక్కటే రక్షణ. పిల్లల్ని కొనేటప్పుడే మారెక్స్ టీకా వేశారా అని అడగండి, అది గుడ్డులోంచి వచ్చిన రోజే వేయాల్సింది. కొక్కెర టీకా సాధారణంగా మొదటి వారంలో కంట్లో చుక్కగా వేస్తారు. ఆ తరవాతి తేదీలు మీ ప్రాంతపు పశువైద్యులు చెప్పినట్టు పాటించండి. ఏ కారణమూ కనిపించకుండా చాలా పక్షులు ఒకేసారి చనిపోతే బర్డ్ ఫ్లూ అనుమానంతో వెంటనే పశువైద్య అధికారులకు చెప్పాలి. చచ్చినవాటిని ఒట్టి చేతులతో తాకకండి, పిల్లల్ని ఎవరికీ ఇవ్వకండి, ఎవరి దగ్గరా తెచ్చుకోకండి.

చేయగలిగింది లేని చోట

బొడ్డు ఉబ్బి, తడిగా, నీలిరంగుకు తిరిగి, దుర్వాసన వస్తుంటే లోపలి పచ్చసొన కుళ్ళిపోయింది. పొదిగే చోట అపరిశుభ్రత వల్ల వచ్చేది. అలాంటి పిల్లలు ఎక్కువగా మొదటి వారంలోనే చనిపోతాయి, మీరు సరిగా చూడక కాదు. మిగతావాటి నుంచి తీసేసి వెచ్చగా ఉంచడం వరకే మన చేతిలో ఉంది. పుల్లోరం నుంచి బతికి బయటపడిన పిల్ల జీవితాంతం ఆ క్రిమిని మోస్తుంది, పెరిగి పెట్టిన గుడ్ల ద్వారా తరవాతి తరానికి ఇస్తుంది. పరీక్షలో అది తేలితే ఆ గుంపు గుడ్లను పొదిగించకూడదు. మారెక్స్‌తో కాళ్ళు పడిపోయిన పిల్లకు చికిత్స లేదు. మేత, నీళ్ళు పూర్తిగా మానేసి, లేవలేక, బాధతో మూలుగుతున్న పిల్లను రోజుల తరబడి చుక్కలతో నిలబెట్టడం దయ అని నేను అనుకోను. నొప్పి లేకుండా సాగనంపే పద్ధతిని పశువైద్యుణ్ణి అడగండి.

మందుల గురించి మరికొంత

మనుషులకు వాడగా మిగిలిన యాంటీబయాటిక్ మాత్రను పొడి చేసి నీళ్ళలో కలపడం చాలా చోట్ల చూస్తాం. 40 గ్రాముల పిల్లకు ఆ మోతాదు ఎంతో ఎవరూ లెక్కకట్టలేరు. పైగా రోగం వైరస్‌దో, ఐమీరియాదో అయితే అది పనిచేయదు, రెండు విలువైన రోజులు పోతాయి. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులు పూర్తిగా ఇవ్వండి. మందు ఆపాక ఎన్నాళ్ళ దాకా ఆ కోడి మాంసం, గుడ్లు తినకూడదో కూడా అప్పుడే అడిగి రాసుకోండి. వంటింటి వైద్యాల మీద నాకు ద్వేషం లేదు. వాటిని నమ్ముకొని నెత్తురు పడుతున్న పిల్లకు ఒక రోజు ఆలస్యం చేయడం మీదే అభ్యంతరం.

మీ జాగ్రత్త కూడా చూసుకోండి. పైకి ఆరోగ్యంగా ఉన్న పిల్లల రెట్టలోనూ సాల్మొనెల్లా అనే, మనుషులకూ సోకే బ్యాక్టీరియా ఉండచ్చు. పిల్లల్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఐదేళ్ళ లోపు చిన్నారులు వాటిని ముద్దు పెట్టుకోకుండా చూడండి. ఆ గిన్నెలను వంటింటి సింకులో కడగకండి. మేత, నీళ్ళు పెట్టేటప్పుడు ముందు ఆరోగ్యంగా ఉన్న గుంపు, చివర జబ్బు పిల్ల. ఈ వరస తిరగబడితే రోగాన్ని మోసుకెళ్ళేది మీ చేతులే.

చనిపోతే, కోలుకుంటే

ఒక పిల్ల చనిపోయి మరో రెండు నీరసంగా ఉంటే, ఆ చనిపోయిన పిల్లే మిగతావాటిని కాపాడగలదు. చేతికి కవరు తొడుక్కొని, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఆహారానికి దూరంగా ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచి, 24 గంటల లోపు పశువైద్య ప్రయోగశాలకు ఇవ్వండి. గడ్డకట్టే అరలో పెట్టకండి, కణజాలం పాడై కోసి చూసినా సరిగా తెలియదు. పరీక్ష అక్కరలేదనుకుంటే కుక్కలు తవ్వలేనంత లోతున, నీటి వనరులకు దూరంగా, సున్నం వేసి పూడ్చండి.

కోలుకుంటున్న పిల్ల మొదట కళ్ళు తెరిచి చుట్టూ చూస్తుంది, తరవాత తనంత తాను మేత పొడుస్తుంది, తరవాత పెట్టె దాటి పోవడానికి ప్రయత్నిస్తుంది. అంతమాత్రాన గుంపులోకి వదలకండి. వరసగా రెండు రోజులు బరువు పెరగాలి, రెట్ట మామూలుగా పడాలి. అంటురోగమైతే మందు కోర్సు ముగిసి, డాక్టరు సరేనన్నాక. వారం రోజులు దూరంగా ఉన్న పిల్లను గుంపు కొత్తదానిలా చూసి పొడుస్తుంది. అందుకని ముందు ఒక రోజు మధ్యలో జాలీ అడ్డం పెట్టి, ఒకరినొకరు చూసేలా ఉంచండి. రెండో రోజు సాయంత్రం వెలుతురు తగ్గాక జాలీ తీసేసి, మేత గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టి, అరగంట పక్కనే కూర్చోండి. ఒకటి రెండు పొడుపులు మామూలే. నెత్తురు కనిపించినా, మూలకు తరిమి అదే పనిగా పొడుస్తున్నా తీసి మళ్ళీ జాలీ ఇవతల పెట్టి, మరో రెండు రోజుల తరవాత ఒక్క తోడు పిల్లతో కలిపి వదలండి.